ఇంట్లో లేనని చెప్పించుకున్న రోజు

పోయిన శనివారం పొద్దున నేను షికాగో పక్కనున్న నేపర్‌విల్‌లో మా అమ్మాయి వంటింట్లో, ఫ్రిజ్‌కీ గోడకీ మధ్య సందులో, చేతిలో సగం శుభ్రం చేసిన బోటి గిన్నెతో నిలబడి ఉన్నాను. నాకు అరవై ఎనిమిదేళ్ళు. మోకాళ్ళు రెండూ అరిగిపోయాయి. ఆ సందులో చీపురు తప్ప ఇంకేమీ పట్టదు. అయినా దూరాను. ఎందుకంటే, గంట మోగగానే మా అమ్మాయి స్నేహ ఫోన్‌లో గుమ్మం కెమెరా చూసి, "అమ్మా, అనసూయ ఆంటీ! మూత పెట్టెయ్, మూత పెట్టెయ్!" అని గావుకేక పెట్టింది. కిటికీ తీసింది. వాసన కొవ్వొత్తి వెలిగించింది. ఆ తర్వాత అదే ఫోన్‌లోంచి తలుపవతలికి గొంతు తియ్యగా చేసి, "అమ్మ ఇంట్లో లేదు ఆంటీ, లైబ్రరీకి వెళ్ళింది" అని చెప్పేసింది.

అనసూయ గారు పక్క వీధిలో కొడుకు ఇంటికి ఆరు నెలలకని విజయవాడ నుంచి వచ్చిన ఆవిడ. వారం రోజులుగా సాయంత్రాలు కలిసి నడుస్తున్నాం. మంచి మనిషి, మాటకారి. మొదటి రోజు మా ఇంటిపేరు అడిగింది. రెండో రోజు ఊరు అడిగింది. మూడో రోజు ఊళ్ళో ఏ వైపు అని అడిగింది. నాలుగో రోజు అమ్మానాన్నలు ఏం చేసేవారని అడిగింది. తెలుగువాళ్ళకి ఈ మెట్లన్నీ తెలిసినవే. ఐదో మెట్టు మీద ఏముందో కూడా తెలుసు. "మా అమ్మ హాస్పిటల్లో ఉండేదండీ" అన్నాను. "ఆ రోజుల్లోనే డాక్టరా! ఎంత గొప్ప!" అని ఆవిడ చెయ్యి పట్టుకుంది. నేను చిరునవ్వు నవ్వి, అటుగా పోతున్న బాతుల్ని చూపించాను. కాబట్టి స్నేహని ఏమనగలను? దాని కూతుర్ని బడికి దించేది ఒక రోజు అది, ఒక రోజు అనసూయ గారి కోడలు. "ఎందుకమ్మా ఆక్వర్డ్ చెయ్యటం" అంటుంది. ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే మనుషులున్న చోట, గిన్నెడు పేగులు చూపించటం దేనికని దాని భయం.

ఆ సందులో ఊపిరి బిగబట్టుకుని నిలబడితే, ముందొకసారి సరిగ్గా ఇలాగే, ఇదే కూరతో, ఇదే అబద్ధం వెనక నిలబడ్డ సంగతి గుర్తొచ్చింది. లైబ్రరీ సాకు కూడా అదే. అబద్ధాలాడేటప్పుడు మనుషులకి లైబ్రరీయే ఎందుకు తడుతుందో నాకు తెలియదు.

అప్పుడు నాకు ఇరవై నాలుగు. షికాగోలో ఇంగ్లీషు సాహిత్యంలో పరిశోధన చేస్తున్నాను. నల్లజాతి రచయితల నవలల్లో, ఒంటి రంగు తేలికగా ఉన్నందుకు ఊరు మారి, పేరు మార్చి, తెల్లవాళ్ళలో కలిసిపోయే మనుషుల గురించి. ఇక్కడ దాన్ని పాసింగ్ అంటారు. మన మాటలో చెలామణీ అయిపోవటం. ఆ నవలల్లో అమ్మాయిలు తెల్లవాళ్ళని పెళ్ళి చేసుకుంటారు, పుట్టింటి ఉత్తరాలు పొయ్యిలో వేస్తారు, కడుపుతో ఉన్న తొమ్మిది నెలలూ బిడ్డ ఏ రంగులో పుడుతుందోనని వణుకుతారు. నేను అవన్నీ చదివి, కార్డుల మీద రాసుకుని, నలభై పేజీల అధ్యాయం ఒకటి తయారుచేశాను. మా గైడు అది చదివి, "అన్నీ ఉన్నాయి గానీ భయం లేదు. ఈ అమ్మాయి దొరికిపోతానని ఎంత హడలిపోతుందో మీకు తెలిసినట్టు లేదు" అన్నాడు. "ప్రయత్నిస్తాను సార్" అన్నాను. ఆ మాట అన్నది బుధవారం. శనివారం నాడు నేను షామ్‌బర్గ్‌లో సుభద్ర గారింట్లో, నుదుట బొట్టుతో, పీట మీద కూర్చుని కౌండిన్యస గోత్రం చెప్పుకుంటున్నాను.

అది ఎలా జరిగిందో చెబితే నవ్వుతారు. నేను ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. తెలుగువాళ్ళ విందులో ఎవరో పెట్టిన ఆవకాయ నాలిక మీద వేసుకుంటే వెల్లుల్లి కుళ్ళిన వాసన వేసింది. మర్యాద కోసం "నాకు వెల్లుల్లి పడదండీ" అన్నాను. పక్కనే ఉన్న సుభద్ర గారి కళ్ళు మతాబుల్లా వెలిగాయి. "చూశారా, నేను అనుకుంటూనే ఉన్నాను! మనవాళ్ళే!" అని నన్ను అక్కున చేర్చుకుంది. పేరు శారద. ఇంటిపేరు నాలుగు కులాల్లో ఉన్నది. ఇక ఆవిడకి అనుమానమేముంటుంది? ఆ సాయంత్రం నాకు ముద్దపప్పు, నెయ్యి, కొబ్బరి పచ్చడి కట్టిచ్చింది. అమెరికా వచ్చిన ఏడు నెలల్లో నాతో తెలుగులో 'తిన్నావా' అని అడిగిన మొదటి మనిషి ఆవిడ. ఆ ఒక్క మాటకి నేను పడిపోయాను. ఈ పప్పూ, ఈ మాటా పోతాయేమోనని ఆ క్షణం నుంచే భయం పట్టుకుంది. అందుకే నోరు మూసుకున్నాను. వ్రతంలో కూర్చోవాలంటే గోత్రం కావాలన్నారు; యూనివర్సిటీ లైబ్రరీలో వెతికి ఒకటి సంపాదించుకున్నాను.

ఒకసారి నా పర్సులోంచి మా అమ్మ ఫోటో జారిపడింది. తెల్ల చీర, వెనక మిషన్ ఆసుపత్రి వరండా. సుభద్ర గారు తీసి చూసి, "ఎవరమ్మా ఈవిడ?" అంది. "ఆయా అండీ. చిన్నప్పటి నుంచి నన్ను పెంచింది" అన్నాను. చూడండి, ఇందులో అబద్ధముందా? మా అమ్మ ఆ ఆసుపత్రిలో ఆయానే. నన్ను పెంచిందీ ఆవిడే. "పాపం, ఎంత అభిమానమో నీకు!" అని సుభద్ర గారు మెచ్చుకుని ఫోటో తిరిగిచ్చింది.

నేను అద్దెకుండేది మాత్రం ఊరికి దక్షిణం వైపు, నల్లవాళ్ళ పేటలో, మిస్ ఎర్లీన్ గారింట్లో. ఆవిడకి డెబ్భై దాటాయి. మిసిసిపీ నుంచి చిన్నప్పుడే వచ్చిన మనిషి. పొద్దున్నే లేచి గుమ్మం ముందు ఊడ్చేది, తన వాకిలితో ఆగక పక్కవాళ్ళ వాకిలి కూడా ఊడ్చి, వాళ్ళకి వినబడేట్టు విసుక్కునేది. సోఫాకి ప్లాస్టిక్ తొడుగు వేసి ఉంచేది; ఎండాకాలం దాని మీద కూర్చుని లేస్తే తోలు ఊడొచ్చినంత పనయ్యేది. ఇల్లంతా పంది మాంసం వేపుడు వాసన, కాఫీ వాసన, జుట్టుకి రాసే జిడ్డు మందు వాసన. శనివారాలు పొయ్యి మీద ఇనుప దువ్వెన కాల్చి జుట్టు సాఫీ చేసుకునేది. ఆ చుర్రుమనే చప్పుడుకి మొదట్లో హడలిపోయేదాన్ని. ఆవిడ ఇంగ్లీషు నా చెవికి మా పేట ఆడవాళ్ళ తెలుగులాగే పడేది. ఇక్కడ కూడా అలాగే రాస్తాను.

మిస్ ఎర్లీన్ గారు నన్ను మొదటి వారం నుంచీ అనుమానిస్తూనే ఉంది. ఆ అనుమానమేమిటో తర్వాత తెలిసింది: నేను ఇండియన్‌ని కానని. వాళ్ళ కాలంలో నల్లవాళ్ళు అలా చెప్పుకోవటం ఒక ఎత్తుగడట. వాళ్ళ బాబాయి తలకి దుప్పటి ముక్క చుట్టుకుని, తూర్పు దేశపు రాజావారినని చెప్పి, నల్లవాళ్ళని గుమ్మం తొక్కనివ్వని హోటల్లో దర్జాగా భోంచేసి వచ్చాడట. కాబట్టి నల్లగా, ఉంగరాల జుట్టుతో, ఇండియా నుంచి వచ్చానంటూ ఒక పిల్ల దిగితే ఆవిడ నమ్మలేదు. అందులోనూ నేను బెండకాయ ఇష్టంగా తినేదాన్ని. ఆకుకూర ఎంతసేపు ఉడకాలో నాకు తెలుసు. ఒక ఆదివారం ఆవిడ గిన్నెలు తోముతూ యేసు పాట అందుకుంటే, నేను గది ఊడుస్తూ తెలియకుండానే ఆ పాటకి కింది స్వరం పాడాను. మా పేటలో చర్చిని గుడి అనే అంటాం; ఆ గుడిలో చిన్నప్పటి నుంచీ పాడిన రాగమే. ఆవిడ గిన్నె పక్కన పెట్టి తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది. "హిందువునన్నావు?" అంది. "రేడియోలో విన్నానండీ" అన్నాను. "ఆహా" అని ఊరుకుంది. మా అమ్మ 'ఆహా' కూడా అచ్చం అలాగే ఉండేది.

అన్నిటికన్నా పెద్ద సాక్ష్యం బొట్టు. శనివారం రెండు రైళ్ళు మారి షామ్‌బర్గ్ వెళ్ళాలి. రెండో రైలెక్కాక, దిగే స్టేషన్‌కి ముందు, కిటికీ అద్దంలో చూసుకుని స్టిక్కరు బొట్టు పెట్టుకునేదాన్ని. స్వెట్టర్‌కి పట్టిన పంది మాంసం వాసన పోవటానికి గులాబీ అత్తరు రాసుకునేదాన్ని. తిరిగొచ్చేటప్పుడు బొట్టు తీసి పర్సు లోపల అంటించేదాన్ని. టికెట్లు చూసే పెద్దాయన నన్ను నాటకాల కంపెనీ అమ్మాయి అనుకుని, "ఈ వారం ఏం వేషం?" అని పలకరించేవాడు. ఒకనాడు తియ్యటం మరిచిపోయి బొట్టుతోనే ఇంట్లో అడుగుపెట్టాను. మిస్ ఎర్లీన్ గారు నా నుదుటి వంక చాలాసేపు చూసి, "బయటికి పోతే పెట్టుకుంటావు, ఇంటికొస్తే తీసేస్తావు. నాకు కళ్ళు లేవనుకోమాకు తల్లీ" అంది.

ఆ చలికాలంలో ఒక శనివారం నాకు జలుబు చేసి షామ్‌బర్గ్ వెళ్ళలేదు. జ్వరమని ఫోన్ చేసి చెప్పాను. మిస్ ఎర్లీన్ గారు ఆ రోజు పండగ వంటకి పెద్ద గంగాళం నిండా పంది పేగులు తెచ్చి, నడుం పట్టేసిందని కూలబడింది. "నీవల్ల కాదులే. చదువుకునేదానివి" అంది. నాకు రోషం వచ్చింది. మా ఇంట్లో బోటి శుభ్రం చేసేది నేనే. చీర కొంగులాగా తువ్వాలు దోపుకుని, తలకి ఆవిడ గుడ్డ చుట్టుకుని కూర్చున్నాను. పేగుని వేలి మీదికి తీసుకుని లోపలి వైపు బయటికి తిరగేయటం, చాకు వెనక వైపుతో గీకటం, ఉప్పు రాసి పిసకటం, ఏడు నీళ్ళు మార్చటం. ఆవిడ కుర్చీలోంచి నా చేతుల్నే చూస్తోంది. పసుపు వేసినప్పుడు మాత్రం "ఓరి దేవుడా!" అని కేక పెట్టింది. ఆ తర్వాత, చాలా నెమ్మదిగా, "ఇట్టా తిప్పటం పుస్తకాల్లో రాదు. అమ్మ దగ్గర నేర్చుకోవాల. చెప్పు. మిసిసిపీలో ఏ ఊరు మీది?" అంది.

నేను నోరు తెరిచేలోపు గంట మోగింది. కిటికీలోంచి చూస్తే సుభద్ర గారు! పట్టు చీర మీద పొడుగు కోటు, చేతిలో పులిహోర డబ్బా, వెనక కారులో ఆవిడ భర్త డాక్టరు గారు. నా మోచేతుల దాకా పేగులు. ప్రాణం పోయిందంటే నమ్మండి. మా గైడు అడిగిన భయం అంతా ఒక్కసారిగా దొరికింది. మిస్ ఎర్లీన్ గారు నా ముఖం చూసింది, కిటికీ వంక చూసింది. నడుం పట్టేసిన మనిషి లేచింది. నన్ను ఫ్రిజ్ పక్కకి ఒక్క తోపు తోసి, తలుపు కొద్దిగా తీసి, అడ్డంగా నిలబడింది.

"శారద ఉందాండీ? జ్వరమంటే చూసిపోదామని..." సుభద్ర గారి ఇంగ్లీషు వణుకుతోంది.

"మీ ఇండియా పిల్లా? జ్వరంతోనే లైబ్రరీకి పోయిందమ్మా. నేనీ కూర వండితే ఆ పిల్ల ఇంట్లో ఉండలేదు. ఒట్టి ఆకులూ అలములూ తినే పిల్ల కదా."

"అవునవును" అంది సుభద్ర గారు గర్వంగా. "మేము వాసన కూడా పడనివ్వం." పులిహోర డబ్బా చేతులు మారింది. కారు వెళ్ళిపోయింది.

మిస్ ఎర్లీన్ గారు డబ్బా బల్ల మీద పెట్టి, మళ్ళీ కుర్చీలో కూలబడింది. "నీ కోసం నా గుమ్మంలో నేను అబద్ధమాడా" అంది. "ఎవరన్నా అట్టా బతుకుతుంటే బయటపెట్టకూడదు, అది మా రివాజు. కానీ నాకిష్టమై ఆడలేదు." అప్పుడు చెప్పింది చెల్లెలి సంగతి. లూసీల్ అని, తెల్లగా పుట్టిందట. పక్క రాష్ట్రానికి పోయి తెల్లవాడిని చేసుకుంది. వాళ్ళమ్మ ఉండబట్టలేక ఒకసారి రైలెక్కి వెళ్ళి, పెరటి తలుపు తట్టింది. తలుపు తీసింది అత్తగారు. ఎవరు నువ్వంటే, ఈవిడ గబుక్కున, "బట్టలుతికే మనిషినమ్మా. మూటేమన్నా ఉంటే తీసుకుపోదామని" అనేసింది. వాళ్ళు మూట కట్టి చేతిలో పెట్టారు. లూసీల్ వెనకాలే నిలబడి చూస్తోంది, ఒక్క మాట అనలేదు. "మా అమ్మ ఆ మూట ఇంటికి తెచ్చింది. అన్నమాట అన్నాక తప్పుతుందా? ఉతికింది, గంజి పెట్టింది, ఇస్త్రీ చేసింది, రైలు మీద తిప్పి పంపింది. అందులో లూసీల్ గౌనొకటుంది. దాన్ని రెండుసార్లు ఇస్త్రీ చేసింది." ఆవిడ నా వైపు తిరిగింది. "మీ అమ్మ చేత ఏ మూట మోయిస్తున్నావే?"

నాకు పర్సులో ఫోటో గుర్తొచ్చింది. ఆయా అండీ అన్న నా గొంతు నాకే వినబడింది. అక్కడే, ఆ గంగాళం మీదికి వంగి వెక్కివెక్కి ఏడ్చాను. ఏడుస్తూనే అంతా చెప్పాను. నేను మిసిసిపీ దాన్ని కాను, నిజంగానే గుంటూరు జిల్లా దాన్ని. కానీ దొంగవేషం మాత్రం నిజమే. మేం మాదిగలం. వాళ్ళు వేరే. వాళ్ళకి తెలియదు.

ఆవిడ కళ్ళజోడు పైకి జరుపుకుంది. "ఆ పట్టుచీర ఆవిడా నువ్వూ ఒకటే రంగు కదే?"

"రంగుతో పని లేదండీ."

"మరెట్టా పసిగడతారు?"

"అడుగుతారు."

"చెప్పకపోతే?"

"ఊరడుగుతారు. తర్వాత వీధి. తర్వాత ఏం తింటారని."

 ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వటం మొదలుపెట్టింది. "మా లూసీల్‌కి పాపం ముఖానికి పౌడరు, జుట్టుకి మందు, ఎండకి గొడుగు, ఎంత ఖర్చు! మీకు నోరు మూసుకుంటే చాలా!" నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుని, "మీ అమ్మ పేరేంది?" అంది. "మరియమ్మ." "ఈ గదిలో నాకే వినపళ్ళా. గట్టిగా చెప్పు." గట్టిగా చెప్పాను. ఆ పులిహోర ఇద్దరం బోటి కూరతో కలుపుకుని తిన్నాం. అంత రుచి మళ్ళీ ఎక్కడా తగల్లేదు. ఒక్కటే దురదృష్టం: ఆవిడ నా కథ పూర్తిగా నమ్మలేదు. తర్వాత కూడా గుడిలో స్నేహితురాళ్ళకి నన్ను చూపించి, "మిసిసిపీ పిల్లే, ఒప్పుకోదు" అని చెవిలో చెప్పేది.

మరుసటి శనివారం బొట్టు లేకుండా రైలెక్కాను. టికెట్ల పెద్దాయన నిరాశపడ్డాడు. సుభద్ర గారికి వంటింట్లోనే, ఆవిడ పోపు వేస్తుండగా చెప్పాను. ఫోటోలో ఉన్నది మా అమ్మ అని ముందు చెప్పాను, మిగతాది తర్వాత. పోపు మాడింది. ఆవిడ స్టవ్ ఆపి, నా భుజం తట్టి, "పిచ్చిదానా, ముందే చెప్పొచ్చుగా! మాకు అలాంటి పట్టింపులేమీ లేవు. అమెరికా వచ్చి కూడా ఏవిటమ్మా ఇవి?" అంది. కళ్ళ నీళ్ళు కూడా పెట్టుకుంది, నిజంగానే. భోజనానికి కూర్చున్నాం. వాళ్ళిద్దరికీ ఎప్పటిలాగే స్టీలు కంచాలు. నాకు పేపర్ ప్లేటు. "కడిగే బాధ లేదు కదమ్మా, హాయి" అంది. మంచి ప్లేటే, అంచున పువ్వులు కూడా ఉన్నాయి. నేను శుభ్రంగా తిని, నెయ్యి ఇంకోసారి వేయించుకుని, దాన్ని మడిచి చెత్తబుట్టలో వేసి వచ్చేశాను. మళ్ళీ వెళ్ళలేదు. ఆ పప్పు కోసం మాత్రం చాలా రోజులు ఏడ్చాను. అధ్యాయం తిరగరాసి ఇస్తే మా గైడు, "ఈసారి భయం ఉంది. ఎక్కడ దొరికింది?" అన్నాడు. "ఫ్రిజ్ పక్కన సార్" అన్నాను. అర్థం కాకపోయినా బాగుందని టిక్కు పెట్టాడు.

ఇంత తెలిసిన దాన్ని, ఇంత గొప్పగా ఒకసారి ఒప్పేసుకున్న దాన్ని, ఈ వయసులో మళ్ళీ బాతుల్ని ఎందుకు చూపించానంటే ఏం చెప్పను? ఈ జబ్బు ఒక్క మోతాదుతో పోదు. ఒక ఊళ్ళో తగ్గితే ఇంకో ఊళ్ళో తిరగబెడుతుంది. అప్పుడు నన్ను దాచింది ముక్కూ ముఖం తెలియని దేశపు ముసలావిడ; ఇప్పుడు నేను కన్న కూతురు. అప్పుడు తలుపు దాకా రావాలి. ఇప్పుడు ఫోన్‌లోంచి కదలకుండా అబద్ధమాడొచ్చు. అభివృద్ధి అంటే ఇదే కాబోలు.

ఇదంతా రాయటానికి మూడు రోజులు పట్టింది గానీ, ఆ సందులో తలుచుకోవటానికి అర నిమిషమే పట్టింది. అనసూయ గారు ఇంకా మా ఇంటి ముందు దారి కూడా దాటలేదు. నేను గిన్నెతో సహా బయటపడి, మోకాళ్ళు కలుక్కుమంటున్నా గబగబా వెళ్ళి, తలుపు తీశాను. "అమ్మా, డోంట్!" అంది స్నేహ వెనక నుంచి.

"అనసూయ గారూ! ఇంట్లోనే ఉన్నానండీ!"

ఆవిడ తిరిగి చూసింది. "లైబ్రరీకి వెళ్ళారని అమ్మాయి..."

"వెళ్ళలేదు. ఫ్రిజ్ పక్కన దాక్కున్నాను. బోటి వండుతున్నాను. ఇంకో మాట. మా అమ్మ డాక్టరు కాదండీ. ఆయా. మిషన్ ఆసుపత్రిలో పాకీ దొడ్లు కడిగి నన్ను చదివించింది. పేరు మరియమ్మ. మేం మాదిగలం. మీరు రేపు అడుగుదామని ఉన్నారు కదా, మీకెందుకు శ్రమని."

"అయ్యయ్యో, నేను అడగలేదండీ!" అంది ఆవిడ కంగారుగా. పక్కింటాయన గడ్డి కోసే మిషన్ ఆపి మరీ చూస్తున్నాడు. ఆవిడ గిన్నె వంక చూసింది, నా వంక చూసింది, కొంగు సర్దుకుంది. "ఇవాళ శనివారమండీ, నేను తినను. రేపు... రేపు వస్తాను" అని వెళ్ళిపోయింది.

తలుపు వేసి వచ్చాను. స్నేహ కొవ్వొత్తి పక్కన అలాగే నిలబడి ఉంది. "రేపు వస్తుందంటావా?" అన్నాను. "వస్తే స్టీలు కంచంలో పెడదాం. రాకపోతే మనకే మిగులుతుంది." అది నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. నా ముఖంలోకి, కొత్త మనిషిని చూసినట్టు చూస్తోంది.

"అమ్మమ్మ నర్స్ అన్నావ్ కదమ్మా నాకు?" అంది. "చిన్నప్పుడు స్కూల్‌లో ఫ్యామిలీ ట్రీ చేశాం. నువ్వే చెప్పావ్. టోపీ కూడా నువ్వే గీసిచ్చావ్."

గీశాను. తెల్ల టోపీ, దాని మీద ఎర్ర శిలువ. రంగు బయటికి పోకుండా, జాగ్రత్తగా.

వెళ్ళి కొవ్వొత్తి ఆర్పేశాను. బల్ల దగ్గర దాని కోసం ఒక కుర్చీ లాగి, గిన్నె మా ఇద్దరి మధ్యా పెట్టాను. "చేతులు కడుక్కునొచ్చి కూర్చో" అన్నాను. "ఇదెలా తిప్పాలో మీ అమ్మమ్మ నాకు నేర్పింది."